పాత తొట్టిలో కొత్త కడలి

అనువాదకులకు ఒక దురలవాటు ఉన్నది. చేతిలోని పుస్తకం ఏ విషయం గురించి అయితే, ఆ నాలుగు నెలలూ ఆ విషయంలో తమను మించినవారు లేరని నమ్ముతారు. పుస్తకం అచ్చయిన మరునాడు అంతా మరచిపోతారు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషునుంచి తెలుగులోకి పుస్తకాలు తెస్తున్న నేను, ఈ లెక్కన తేనెటీగలలోను, రైలు వంతెనలలోను, మధుమేహంలోను వరుసగా నిపుణురాలినై, వరుసగానే అజ్ఞానినయ్యాను. సముద్రం విషయంలో మాత్రం అలా జరగలేదు. పిల్లలకోసం సముద్రాన్ని గురించి వ్రాసిన పుస్తకమొకటి అనువదించి పంపివేశాను. సముద్రం మాత్రం ఇంట్లో ఉండిపోయింది. దాని పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర.

మేము ఉండేది దక్షిణ చెన్నైలో, సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టేటంత దగ్గరలో. మా పై వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. కాకినాడ వైపువారు. ఓడలలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను ఆయనను బాబాయిగారూ అని పిలిచేదానిని. భార్య పోయిన తరువాత ఆయనకు తోడుగా మిగిలినది ఒక ఉప్పునీటి అక్వేరియం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి ఊరు నీటిపాలయినప్పుడు మా వీధికి రెండు రోజులు కరెంటు లేదు. అర్ధరాత్రి పైనుంచి ఏదో చప్పుడు వినవచ్చి, ఆయనకు ఏమయినదోనని మెట్లెక్కి వెళ్ళాను. కొవ్వొత్తి వెలుగులో నిలబడి, చెంబుతో తొట్టిలోని నీళ్ళు ముంచి, మళ్ళీ ఎత్తునుంచి అందులోనే పోస్తున్నారు. "పంపు ఆగిపోయిందమ్మాయీ. నీళ్ళు కదలకపోతే దానికి ఊపిరాడదు" అన్నారు. ఆ రాత్రి నేను రెండు గంటలు, ఆయన రెండు గంటలు వంతులు వేసుకుని నీళ్ళు పోశాము. చేప బ్రతికింది.

2024 జూన్‌లో ఆయన కుమార్తె వచ్చి, తండ్రిని బెంగుళూరు తీసుకుపోవడానికి నిశ్చయించింది. అంతకు రెండు రోజుల ముందు బాబాయిగారు మా ఇంటికి వచ్చి కూర్చున్నారు.

"ఆ తొట్టి నీకిస్తానమ్మాయీ. ఉట్టినే ఇస్తే నువ్వు పుచ్చుకోవు గనుక మూడు వేలు ఇయ్యి. ఆ వెల అద్దాలకు కాదు, అందులో ఉన్న ముసలిదానికి. దాన్ని మాత్రం చంపుకోకు."

ముసలిది అంటే ఒక క్లౌన్ చేప. నారింజ వన్నె మీద మూడు తెల్లని పట్టీలు. ఆయన దగ్గర పదకొండేళ్ళుగా ఉన్నది. ఈ జాతి చేపలన్నీ మొదట మగవే. గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడదిగా మారుతుంది. దాని జోడు అంతకు ముందు ఏడాది చనిపోయింది.

* * *

వాడిన తొట్టిని కొనేవారు మూడు సంగతులు చూడాలి. మొదటిది అద్దం. పగుళ్ళు, అంచుల విరుగుళ్ళు వ్రేలితో తడిమి చూడాలి. రెండవది అద్దాలను అతికే సిలికోన్. అది పసుపుపచ్చగా మారి, గోటితో లాగితే ఊడివస్తున్నదంటే లోపలి పూత తీసి కొత్తగా వేయించుకోవాలి. స్నానాల గదికోసం అమ్మే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికోన్ ఇందుకు పనికిరాదు. ఆ మందే చేపలకు విషం. మూడవది తొట్టి చరిత్ర. ఇదే ముఖ్యమైనది, ఇదే ఎవరూ అడగనిది.

నేను అడిగాను. నా గొప్పతనం కాదు. అనువదించిన పుస్తకంలో ఆ హెచ్చరిక ఉన్నది. "బాబాయిగారూ, ఇందులో ఎప్పుడయినా చేపలకు మందు వేశారా?"

ఆయన ఆలోచించి చెప్పారు: "2016లో చేపల ఒంటినిండా తెల్లటి చుక్కలు లేచాయి. మైలుతుత్తం కరిగించి వేశాను. వారంలో నయమైపోయింది."

మైలుతుత్తం అంటే రాగి గంధకితం. సముద్రపు చేపలకు వచ్చే తెల్లచుక్కల రోగానికి రాగి బాగా పనిచేసే మందే. లీటరు నీటిలో మిల్లీగ్రాములో అయిదవ వంతు ఉంటే చాలు, రోగాన్ని కలిగించే సూక్ష్మజీవి చస్తుంది, చేప బ్రతుకుతుంది. కాని వెన్నెముక లేని జీవులు, అనగా నత్తలు, రొయ్యలు, సముద్రపు ఎనిమోనులు, పగడాలు అందులో చాలా తక్కువ భాగానికే చచ్చిపోతాయి. పైగా రాగి నీళ్ళతోపాటు పోదు. సున్నపు గుణం ఉన్న రాళ్ళలో, ఇసుకలో చేరి కూర్చుని, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. అందుకే ఒకసారి రాగి వాడిన తొట్టిలోని రాళ్ళను, ఇసుకను తిరిగి వాడకూడదంటారు.

ఇదంతా నేను ఆయనకు ఉత్సాహంగా వివరించి చెప్పాను. ఆయన ముఖం చూసిన తరువాత గాని చెప్పకుండా ఉండవలసినదని తోచలేదు. "మా ఆవిడకు నత్తలంటే సరదా. మూడుసార్లు తెచ్చాను. ఎనిమోను కూడా ఒకటి తెచ్చాను. ఏదీ నాలుగు రోజులకంటె బ్రతకలేదు. నీళ్ళు మంచివి కావనుకున్నాను" అన్నారు. ఎనిమిదేళ్ళ సందేహం అలా మెట్లమీద తీరింది. ఆయన ఇక ఆ మాట ఎత్తలేదు. వెళ్ళే రోజున మాత్రం, కారు ఎక్కుతూ, "నత్త బ్రతికితే నాకు ఫోను చెయ్యి" అన్నారు.

* * *

చేపను ముందుగా అరవై లీటర్ల ప్లాస్టిక్ తొట్టెలోకి మార్చాను. దానికి అలవాటయిన పాత నీళ్ళు, పాత వడపోత స్పాంజి, ఒక గాలి పంపు ఇచ్చాను. ఆ స్పాంజిలో రాగి ఉన్నా ముసలిదానికి కొత్త కాదు. తరువాత అసలు తొట్టి పని పట్టాము. పాత రాళ్ళు, ఇసుక మొత్తం పారవేశాము. రాళ్ళను ఉడకబెట్టి శుభ్రం చేద్దామని మా వారు సలహా ఇచ్చారు. ఆ పని ఎవరూ చేయకూడదు. సముద్రపు రాళ్ళమీద పెరిగే కొన్ని జొయాంథిడ్ జీవులలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. రాయిని మరిగిస్తే ఆ విషం ఆవిరిలో చేరి, ఇంటిల్లిపాదినీ ఆస్పత్రి పాలు చేసిన సంఘటనలు విదేశాలలో జరిగినవి.

అద్దాలను సబ్బు తగలనివ్వకుండా తెల్ల వెనిగరుతో రెండుసార్లు కడిగాము. గోడలకు పట్టిన సున్నపు పొరను, దానితో ఉన్న రాగిని పులుపు కరిగిస్తుంది. లోపలి సిలికోన్ గీసివేసి కొత్తది వేయించి, వారం రోజులు ఆరనిచ్చాము. అటు తరువాత వాకిట్లో పాత వార్తాపత్రికలు పరచి, వాటిమీద తొట్టి పెట్టి, మంచినీళ్ళతో నింపి మూడు రోజులు ఉంచాము. కాగితం తడిస్తే కారుతున్నదని అర్థం. తడవలేదు.

ఇక బరువు సంగతి. ఈ కొలతల తొట్టిలో అంచువరకు 255 లీటర్లు పడతాయి. పైన ఖాళీ, లోపల రాళ్ళు పోను నీళ్ళు సుమారు 220 లీటర్లు. అద్దాలు, రాళ్ళు, ఇనుప బల్ల అన్నీ కలిపితే 340 కిలోలకు తక్కువ ఉండదు. అయిదుగురు మనుషులు ఒకే చోట రాత్రింబవళ్ళు నిలబడి ఉన్నట్టు. కాబట్టి గోడవార, దూలం దాపున పెట్టాలి. బల్ల రసమట్టంతో సరిచూడాలి. ఒక పక్క ఒరిగితే నీటి బరువంతా ఒక అతుకుమీద పడుతుంది. తొట్టి అడుగున థర్మోకోల్ అట్ట వేస్తే చిన్న ఎగుడుదిగుళ్ళు సర్దుకుంటాయి.

కరెంటు తీగల విషయంలో బాబాయిగారు ఓడలో నేర్చిన పాఠం ఒకటి చెప్పి వెళ్ళారు. తీగను ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడనిచ్చి, మళ్ళీ పైకి తీసుకుపోవాలి. అప్పుడు తీగ వెంట జారిన ఉప్పునీటి బొట్టు ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గరే క్రింద పడుతుంది. షాకు తగిలిన క్షణంలో కరెంటును ఆపివేసే స్విచ్చి తప్పనిసరి. పాత పంపుల తీగల పైతొడుగు చిట్లి ఉన్నదేమో చూసి, చిట్లితే పంపే మార్చాలి. ఇక్కడ పొదుపు చేయకూడదు.

* * *

సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పునీరు తయారుచేసుకోవడమేమిటని మీరు అడగవచ్చు. మా వారూ అడిగారు. నగరపు తీరంలోని నీటిలో నదీముఖాలనుంచి వచ్చే మురుగు ఉంటుంది. అందువలన శుద్ధమయిన నీటిలో ఉప్పు మిశ్రమం కలుపుకోవడమే మేలు. ఇందులో ఒక తమాషా ఉన్నది. చెన్నై దాహం తీర్చడానికి 2010లో మీంజూరు దగ్గర, 2013లో నెమ్మేలి దగ్గర సముద్రపు నీటినుంచి ఉప్పు తీసివేసే కర్మాగారాలు ప్రారంభమయినవి. ఒక్కొక్కటి రోజుకు పది కోట్ల లీటర్ల సామర్థ్యం కలది. ప్రభుత్వం అంత శ్రమపడి తీసిన ఉప్పును మళ్ళీ నేను డబ్బిచ్చి కలుపుతున్నాను.

వంట ఉప్పు కలిపితే సముద్రం కాదు. మన నౌపడ ఉప్పుమళ్ళలో ఏమి జరుగుతుందో తలచుకుంటే ఇది బోధపడుతుంది. నీరు ఎండేకొద్దీ సోడియం క్లోరైడు గడ్డకట్టి తేలుతుంది. మెగ్నీషియము మొదలయిన లవణాలు చేదునీళ్ళలో మిగిలిపోతాయి. మనం తినేది ఆ గడ్డకట్టిన భాగాన్ని మాత్రమే. సముద్రజీవికి మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము, గంధకితాలు అన్నీ పాళ్ళ ప్రకారం కావాలి. అందుకని అక్వేరియంకోసం ప్రత్యేకంగా చేసిన మిశ్రమం కొని, లీటరుకు సుమారు 36 గ్రాముల చొప్పున కలపాలి. నాకు ఎనిమిది కిలోలు పట్టింది. నీటిలో ఉప్పు వేయాలి గాని ఉప్పుమీద నీరు పోయకూడదు. పోస్తే కాల్షియము తెల్లని సున్నమై విడిపోతుంది. ఒక రోజంతా పంపు పెట్టి కలియబెట్టి, సాంద్రత చూసుకోవాలి. 1.025 ఉండాలి. ఒక్క చుక్క నీరు వేసి వెలుతురువైపు తిప్పి చూసే రిఫ్రాక్టోమీటరు ఇందుకు నమ్మదగిన పరికరం.

తొట్టిలోని నీరు రోజూ ఆవిరవుతుంది. తగ్గినంత మేర మంచినీళ్ళే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు గదా! ఈ చిన్న సంగతి తెలియక ఉప్పునీళ్ళు పోస్తూ పోయి, రెండు నెలలలో తొట్టిని ఉప్పుమడిగా మార్చినవారున్నారు.

సామానుల జాబితా నేను భయపడినంత పెద్దది కాదు. నీటిని అన్నివైపులా కదిలించే రెండు పంపులు. ఒక వెలుగుపట్టీ. ఒక ఉష్ణమాపకం. నీటి పరీక్షకు మందుసీసాలు. వీటితోపాటు ప్రోటీన్ స్కిమ్మరు అనే ఒక గొట్టం. పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే తెట్టును గరిటెతో తీసివేస్తాము గదా, ఈ గొట్టం చేసేది ఆ పనే. సన్నని గాలిబుడగలు చిమ్మి, నీటిలోని మలినాలను నురగగా పైకి తెచ్చి, గిన్నెలో చేరుస్తుంది. ఆ గిన్నెలోని కాఫీ రంగు ద్రవం వాసన ఒకసారి చూసినవారు, ఆ గొట్టం ఖరీదు గురించి మళ్ళీ మాట్లాడరు. మిచౌంగ్ రాత్రి జ్ఞాపకముండి, ఒక పంపును ఇన్వర్టరుకు తగిలించాను.

అన్నీ అమర్చి నీరు నింపిన రోజున మా అమ్మాయి, "ఇక చేపను వెయ్యమ్మా" అన్నది. వేయకూడదు. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. ఇంకొక జాతి దానిని నైట్రేటుగా మారుస్తాయి. అది కొంతవరకు హానిలేనిది. ఈ రెండు జాతులూ రాళ్ళమీద, ఇసుకలో కాపురం పెట్టి వృద్ధి చెందేవరకు ఆగాలి. కొత్త సిరామిక్ రాళ్ళు పేర్చి, కొద్దిగా అమ్మోనియం క్లోరైడు వేసి, రోజూ సాయంత్రం నీరు పరీక్షించి లెక్క వ్రాశాను. పదిహేడవ రోజుకు అమ్మోనియా తగ్గి నైట్రైటు పెరిగింది. ముప్పై ఆరవ రోజుకు రెండూ సున్నా అయినవి. ఆ ముప్పై ఆరు రోజులూ మా ఇంటికి వచ్చినవారందరూ చేపలు లేని తొట్టిని చూసి, ఏమీ అనకుండా కాఫీ తాగి వెళ్ళారు.

ఆగస్టు చివర ముసలిదానిని దించాము. పాత నీటిలో కొత్త నీరు గంటసేపు బొట్లు బొట్లుగా కలిపి, అలవాటు చేసి వదిలాను. అది ఒక మూల రాతి వెనక్కి పోయి, రెండు రోజులు తిండి ముట్టలేదు. మూడవనాడు వచ్చి అద్దం దగ్గర నిలబడి, నన్ను చూసి నోరు తెరిచింది.

* * *

"పగడాలు లేని సముద్రమేమిటమ్మా?" అన్నది మా అమ్మాయి.

నిజమే. అనువదించిన పుస్తకంలో బొమ్మలన్నీ వాటివే. ఒక ఆదివారం ఇద్దరమూ ఒక దుకాణానికి వెళ్ళాము. దుకాణదారు మమ్మల్ని ఎగాదిగా చూసి, లోపలనుంచి మూత పెట్టిన బకెట్టు ఒకటి తెచ్చాడు. అందులో అరచేయంత పగడపు ముక్కలు నాలుగు ఉన్నవి. ఆకుపచ్చని జీవులు సన్నని వ్రేళ్ళు చాచి కదులుతున్నవి. "రామేశ్వరం సరుకు, మేడమ్. ఇంటిలో పెట్టుకుంటే ఎవరు వచ్చి చూస్తారు?" అన్నాడు. ఒక ముక్క అడుగున తెల్లని విరుపు కనిపించింది. కొత్త విరుపు.

నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చినది చట్టం కాదు, కాలేజీలో చదివిన ఒక ఇంగ్లీషు పుస్తకం. 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషు వనిత టార్కీ తీరంనుంచి కొన్ని పగడపు జీవులను జాడీలో పెట్టి లండను తీసుకుపోయింది. నీటిలో గాలి కలిసేందుకు, కిటికీ దగ్గర నిలబడి నీళ్ళను ఒక పాత్రనుంచి మరొక పాత్రలోకి పోసే పని ఇంటి పనిమనిషిది. ఉప్పునీటి అక్వేరియం అనే ముచ్చట అటువంటి చేతులమీదుగా పుట్టింది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకోసం చేపల మందిరం తెరిచారు. ఆ మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 'ది అక్వేరియం' అనే గ్రంథం ప్రకటించాడు. దేశం దేశమంతా జాడీలు పట్టుకుని సముద్రతీరాలకు పరుగెత్తింది. అర్ధశతాబ్దం గడచిన తరువాత, 1907లో, ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 'ఫాదర్ అండ్ సన్' అనే తన జీవితకథలో, బాల్యంలో తండ్రితో కలిసి చూసిన డెవన్ తీరపు నీటిగుంటలు ఎలా దోపిడీ అయిపోయినవో వ్రాశాడు. తండ్రి ఆ తీరపు అందాన్ని ప్రేమించి వర్ణించాడు. ఆ వర్ణన చదివి ప్రేమించినవారే వచ్చి దానిని ఊడ్చుకుపోయారు. అది చూసి తండ్రి ఎంతో బాధపడ్డాడట. బి.ఏ.లో దీనిని తండ్రీకొడుకుల సంఘర్షణగా చదివి మార్కులు తెచ్చుకున్నాను. ఆ బకెట్టు ముందు నిలబడినప్పుడు గాని ఆ పేజీలు నాకు అర్థం కాలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2001లో మన ప్రభుత్వం దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటిని, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలతో సహా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చింది. పులి ఉన్న జాబితా అది. సముద్రంనుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. మన ఆడవారు ఉంగరంలో పెట్టుకునే ఎర్రని ప్రవాళం వేరు. దానిలో పేరుపొందినది మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది. నేను చెప్పేది సున్నంతో దిబ్బలు కట్టే పగడం. కృష్ణా గోదావరులు తెచ్చే ఒండ్రు, మంచినీరు దానికి సరిపడవు గనుక మన కోస్తాలో అటువంటి దిబ్బలు ఏర్పడలేదు. మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు, ఇవే మన దేశపు ముఖ్యమయిన పగడపు సంపద. మన్నారు సింధుశాఖలో 21 దీవులుండేవి. సున్నంకోసం ఏళ్ళ తరబడి పగడాన్ని తవ్వగా తవ్వగా వాటిలో రెండు నీటిలో మునిగిపోయినవి. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

గొడ్డలి వేటు తప్పినా వేడి దెబ్బ తప్పడం లేదు. పగడం ఒంటిలో కంటికి కనిపించని నాచుకణాలు నివసిస్తాయి. అవి వెలుతురుతో వండిన ఆహారమే పగడానికి చాలావరకు ఆధారం. వేసవిలో అలవాటయిన వేడికంటె నీరు ఒకటి రెండు డిగ్రీలు పెరిగి వారాల తరబడి అలాగే ఉంటే, పగడం ఆ కణాలను వెళ్ళగొట్టి తెల్లబడిపోతుంది. నీరు త్వరగా చల్లబడకపోతే ఆకలితో చస్తుంది. 1998, 2010, 2016 సంవత్సరాలలో మన తీరాలలో ఇదే జరిగింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగవ విడత పగడాలు తెల్లబడుతున్నవని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఇందులో గృహిణికి అర్థమయ్యే పాఠం ఒకటి ఉన్నది. 2025 మే నెలలో, తొట్టిమీద రెండు పంకాలు తిరుగుతున్నా, నా తొట్టి నీరు 29 డిగ్రీలకు తగ్గలేదు. ముసలిది ఓర్చుకున్నది. శీతలయంత్రం లేకుండా పగడం ఓర్చుకోలేదు. చట్టం అడ్డు లేకపోయినా, ఆ బకెట్టులోని నాలుగు ముక్కలూ మా ఇంట్లో మరుసటి వేసవికి సున్నపు రాళ్ళయి ఉండేవి.

విదేశాలలో ఈ ముచ్చట కొంత మంచి దారి పట్టింది. మనం మునగకొమ్మ విరిచి నాటినట్టు, ఒక పగడంనుంచి చిన్న ముక్క తుంచి, అంటించి, తొట్టిలోనే పెంచి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. అటువంటి చోట్ల ఉన్న మన పిల్లలెవరయినా పాత తొట్టి కొంటే, పెంచిన ముక్కలే కొనమని, మొదటి ఏడాది మెత్తని పగడాలతో సరిపెట్టుకోమని చెప్పండి. మన దేశంలో మరొక మంచి పని జరిగింది. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపలను హేచరీలో పొదిగించి పెంచే పద్ధతులు రూపొందించారు. కొత్తవారు చేపను కొనేటప్పుడు, "ఇది సముద్రంలో పట్టినదా, హేచరీలో పుట్టినదా?" అని అడిగితే చాలు. పదిమంది అడిగితే దుకాణదారు అటువంటివే తెప్పిస్తాడు.

బకెట్టుమీద మూత పెట్టమని చెప్పి బయటికి వచ్చేశాము. మా అమ్మాయి వీధి చివరవరకు మాట్లాడలేదు. తరువాత, "అమ్మా, ఆ నాలుగూ ఎలాగూ విరిచేశారు కదా, మనం తెచ్చుకుంటే బ్రతికేవేమో" అన్నది. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే: మనం నాలుగు కొంటే వాడు మళ్ళీ నాలుగు తెప్పిస్తాడు. అది సరయిన జవాబే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

* * *

కాబట్టి మా తొట్టిలో పగడాలు లేవు. గుహలుగా పేర్చిన రాళ్ళున్నవి. ఎనిమిది నెలలకు వాటిమీద గులాబీ రంగు సున్నపు నాచు తనంతట తానే పాకడం మొదలుపెట్టింది. వెలుతురు, నీటి కదలిక, రాళ్ళ అమరిక అన్నీ పగడపు దిబ్బకు తగినట్టే ఉన్నవి. దిబ్బ మాత్రం ఉండవలసిన చోటనే ఉన్నది.

ఇక నత్త. రాగి పరీక్ష మందుతో మూడుసార్లు చూశాను, మూడుసార్లూ సున్నా వచ్చింది. కాని ఆ మందుకు అందనంత కొద్దిపాటి రాగి కూడా నత్తను చంపగలదు. చివరి పరీక్ష నత్తదే. నిషేధపు జాబితాలో లేని రకమని నిర్ధారించుకుని, పాచి తినే చిన్న నత్తలు రెండు తెచ్చి, 2024 సెప్టెంబరు మూడవ వారంలో వదిలాను. మొదటి రోజు రెండూ గుల్లలోకి ముడుచుకుని కదలలేదు. నాలుగవ రోజున, బాబాయిగారి నత్తలు చనిపోయిన లెక్క ప్రకారం, నేను వంట కూడా సరిగా చేయలేదు. అయిదవనాటి ఉదయం అద్దంమీద పాచిలో ఒక సన్నని శుభ్రమయిన దారి కనిపించింది. దారి చివర నత్త. రెండవది రాతిమీద ఉన్నది.

అయినా వెంటనే ఫోను చేయలేదు. మూడు వారాలు ఆగి, ఇరవై ఒకటవ రోజున, ఆదివారం, బెంగుళూరుకు ఫోను చేశాను.

"బాబాయిగారూ, నత్తలు రెండూ బ్రతికే ఉన్నాయి."

అవతల కొంచెంసేపు మాట లేదు. టీవీలో ఏదో వార్తలు వినబడుతున్నవి.

"అయితే నీళ్ళు మంచివేనన్నమాట" అన్నారు. కాసేపు ఆగి, "ముసలిది తింటున్నదా?" అని అడిగారు.

తింటున్నదని చెప్పాను.